నాకు గుర్తుపట్టడం వచ్చేసింది

అడవి పుట్టగొడుగులు ఏరడంలో నిన్న సాయంత్రానికి నాకు సరిగ్గా మూడు గంటల అనుభవం పూర్తయింది. ఇంత సుదీర్ఘ ప్రస్థానం తర్వాత కొత్తవారికి నాలుగు మాటలు చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. వాన వెలిసిన మర్నాడు పుట్టగొడుగులు పుట్టుకొచ్చే వేగం చూసి అందరూ ముక్కున వేలేసుకుంటారు గాని, వాటిని గుర్తుపట్టే నిపుణులు పుట్టుకొచ్చే వేగాన్ని ఎవరూ పట్టించుకోరు. పుట్టగొడుగుకైనా నేలలో ఎన్నాళ్లుగానో అల్లుకున్న సన్నని దారాల వల ఒకటి ఉంటుంది. అందులో ముందే తయారైన మొగ్గ నీళ్లు తాగి ఉబ్బి పైకి వస్తుంది. నిపుణుడికి ఆ మాత్రం పూర్వరంగం కూడా అక్కర్లేదు. ఒక వీడియో చాలు.

ఈ విద్యలో ముందుగా తెలుసుకోవాల్సింది క్రమం. అమాయకులు పుట్టగొడుగుని చూసి, తర్వాత అదేమిటో తేల్చుకోవాలనుకుంటారు. నాలాంటివాళ్లు ముందే తేల్చుకుని, తర్వాత చూస్తారు. నా బుట్టలోకి రాబోయేవన్నీ పారాసోల్ పుట్టగొడుగులేనని నేను గుమ్మం దాటకముందే నిర్ణయించుకున్నాను. తినదగినవాటిలో నాకు పేరు తెలిసింది అదొక్కటే మరి.

ఇక మిగిలింది సాక్ష్యాలు పోగుచేయడం. గడ్డినేలలో గుంపుగా పదకొండు దొరికాయి. టోపీ మీద గోధుమరంగు పొలుసులుండాలని పుస్తకంలో ఉంది, ఉన్నాయి. కాడకి ఒక వలయం ఉండి, వేలితో తోస్తే పైకీ కిందికీ జరగాలి, ఉంగరంలా జరిగింది. కాడ మీద పాము ఒంటిమీది చారల్లాంటివి ఉండాలి, లేవు. సరే, అన్ని పాములకీ చారలుంటాయా? కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉండకూడదు, లేదు. అసలు మొదలే లేదు, నేను నేలమట్టానికి కోసుకొచ్చాను. ఆ విధంగా నేను పట్టిన కుందేలుకి మూడు కాళ్లు సాక్ష్యాధారాలతో సహా రుజువయ్యాయి. నాలుగోది మట్టిలో ఉండిపోయింది.

ఆ నాలుగో కాలు గురించి పెద్దవాళ్లు ఎందుకంత రాద్ధాంతం చేస్తారో నాకు తర్వాత తెలిసింది. డెత్ క్యాప్ అని ఒకటుంది. ప్రపంచంలో పుట్టగొడుగులు తిని పోయినవారిలో ఎక్కువమంది దీని ఖాతాలోనే ఉన్నారు. టోపీ మీది లేతపచ్చ రంగు వెలిసిపోవచ్చు, మెడలో వలయం రాలిపోవచ్చు. తన ఐడీ కార్డుని మాత్రం అది మట్టిలో భద్రంగా దాచుకుంటుంది: కాడ అడుగున చిరిగిన తెల్లని సంచి. నాలాంటివాడు చాకుతో నాజూగ్గా పైన కోసి, ఆ కార్డుని అక్కడే వదిలేసి వస్తాడు. మొదలంటా తవ్వి తీసేవాళ్లని చూసి మోటు మనుషులనుకుంటాం కూడా.

పెద్దల కాలంనుంచి వస్తున్న పరీక్షల సంగతీ చెప్పుకోవాలి, ఎందుకంటే నేను అవన్నీ జరిపించాను. ఉడుకుతున్నప్పుడు వెండి చెంచా వేస్తే, విషమైతే అది నల్లబడాలట. డెత్ క్యాప్ విషానికి వెండితో ఏ గొడవా లేదు, దాని గొడవంతా మన కాలేయంతోనే. పురుగులు తిన్నదైతే మనమూ తినొచ్చట. పురుగు తిని బతికిందంటే అది పురుగుకి మంచిదని రుజువైంది, అంతవరకే. తెల్లగా ఉన్నది మంచిదట. డెస్ట్రాయింగ్ ఏంజెల్ అనే పుట్టగొడుగు పాలలో ముంచి తీసినంత తెల్లగా ఉంటుంది, డెత్ క్యాప్‌కి సొంత చెల్లెలు. బాగా మరిగిస్తే విషం పోతుందట. ఆ విషం మరిగించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చెక్కు చెదరదు. ఇన్ని పరీక్షల్లో దేన్నైనా సరే డెత్ క్యాప్ ఫస్ట్ క్లాస్‌లో పాసవుతుంది. దాన్ని ఫెయిల్ చేయగల పరీక్ష ఒక్కటీ మన పెద్దలు పెట్టినట్టు లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ‘కొంచెం తిని చూద్దాం’ పద్ధతి. చిన్న ముక్క తింటారు, గంట ఆగుతారు, ఏమీ కాకపోతే మిగతాది తింటారు. చూడ్డానికి ఎంత శాస్త్రీయంగా ఉంది! డెత్ క్యాప్ మాత్రం మర్యాదస్తురాలు, తిన్నవాణ్ణి వెంటనే ఇబ్బంది పెట్టదు. బతికి బయటపడ్డవాళ్లు చాలామంది రుచి బాగుందనే చెప్పారు. సుమారు 6 నుంచి 12 గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు మాటా పలుకూ ఉండదు. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు. మళ్లీ ఒకరోజు తేరుకున్నట్టే ఉంటుంది, రోగి లేచి కూర్చుని గండం గడిచిందంటాడు. ఆ తేరుకున్న రోజునే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న మాటకి ఇంత అక్షరార్థం ఇంకెక్కడా దొరకదు. మోతాదు విషయానికొస్తే, ఒక పెద్దమనిషికి సగం టోపీ చాలు.

కార్టినేరియస్ జాతిలో కొన్ని మరీ తాపీ మనుషులు. తిన్న రెండు రోజులనుంచి మూడు వారాల లోపు ఎప్పుడో వచ్చి మూత్రపిండాల తలుపు తడతాయి. అప్పటికి ఏం తిన్నామో మనకే గుర్తుండదు. ఇంకీ క్యాప్ అనే మరొకటి మామూలుగా తింటే ఏమీ అనదు, కాని ఆ పూటో మర్నాడో మద్యం పుచ్చుకుంటే మొహం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. మద్యం మానిపించడానికి ఇచ్చే మాత్ర పనిచేసే తీరు ఇదే. పుట్టగొడుగుల్లో సంఘసంస్కర్తలు కూడా ఉన్నారన్నమాట.

ఇన్ని తెలిశాక ఫోన్‌ని ఆశ్రయించాను. ఫొటో తీసి యాప్‌లో పెడితే అయిదు పేర్లు ఇచ్చింది: మూడు తినదగినవి, ఒకటి ‘జాగ్రత్త’, ఒకటి విషం. ప్రజాస్వామ్యంలో మూడు ఓట్లంటే స్పష్టమైన మెజారిటీ. ఆస్ట్రేలియాలో ఇలాంటి మూడు యాప్‌లని పరీక్షించి 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో మొదటి ర్యాంకు వచ్చిన యాప్ సరిగ్గా చెప్పింది 49 శాతం. బొమ్మా బొరుసూ వేసుకుంటే 50 వచ్చేది, పైగా చార్జింగ్ అక్కర్లేదు.

ఈ దశలో మా అక్క రంగప్రవేశం చేసింది. అక్క పుట్టగొడుగులు ఏరడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లవుతోంది. తినేవి ఎన్ని రకాలని అడిగితే ‘నాలుగు’ అంటుంది. ఇరవై ఏళ్లకి నాలుగు! నేను మూడు గంటల్లో ఒకటి సాధించాను, లెక్క మీరే వేసుకోండి.

బుట్టలోంచి ఒకదాన్ని తీసి తిప్పితిప్పి చూసింది. చేత్తో ముట్టుకుంటుంటే నేను కంగారుపడ్డాను.

“ముట్టుకుంటే ఏం కాదురా, మింగితేనే. దీని మొదలేది?”

“నేల్లో ఉంది.”

“చుట్టుపక్కల ఏ చెట్లున్నాయి?”

“చెట్లే ఉన్నాయి.”

“కాడ నున్నగా ఉందేం? చారలేవీ?”

పాముల సిద్ధాంతం చెప్పబోయి ఎందుకో ఆగాను. అక్క టోపీ తిరగేసింది. గొడుగు పుల్లల్లా నడిమధ్యనుంచి అంచుల దాకా పరుచుకున్న సన్నని రేకులు, తెల్లగా, ఎక్కడా మచ్చ లేకుండా ఉన్నాయి. “చూశావా అక్కా, తెలుపు” అన్నాను విజయగర్వంతో. “రేకుల రంగు వేరు, వాటిలోంచి రాలే పొడి రంగు వేరు. ఆ పొడి చూడాలి” అంది. సగం తెల్లకాగితం, సగం నల్లకాగితం పక్కపక్కన అంటించింది. తెల్లపొడి నల్లదాని మీద కనబడుతుందట, రంగు పొడి తెల్లదాని మీద. కాడ కోసేసి, టోపీని రెండిటి మధ్యా బోర్లించి, పైన గాజు గ్లాసు మూత పెట్టింది.

“ఎంతసేపు?”

“పొద్దున చూద్దాం.”

“పొద్దున్నా! అక్కా, పెనం వేడెక్కింది.”

“పెనం దింపెయ్.”

ఆ రాత్రి నాకు పట్టిన టెన్షన్ పరీక్ష రాసిన పిల్లాడికి కూడా ఉండదు. రెండుసార్లు లేచి గ్లాసులోకి తొంగిచూశాను. నా టెన్షన్ తగ్గించడానికని అక్క 1944 నాటి ఒక సంగతి చెప్పింది. యూలియస్ షెఫర్ అని జర్మనీలో పేరున్న పుట్టగొడుగుల శాస్త్రవేత్త. ప్యాక్సిల్లస్ ఇన్వల్యూటస్ అనే రకం వండుకుని తిన్నాడు. ఆయన దాన్ని పొరబాటుగా గుర్తుపట్టలేదు, సరిగ్గానే గుర్తుపట్టాడు. ఆ రోజుల్లో దాన్ని యూరప్‌లో చాలామంది తినేవారు. ఒంట్లో ఎర్ర రక్తకణాలని మన రక్షణ వ్యవస్థే పగలగొట్టేలా చేయగల గుణం దానికుందని తర్వాత తేలింది. ఎన్నోసార్లు ఏమీ కాకుండా తిన్నవాడికి కూడా ఏదో ఒకరోజు అలా జరగొచ్చట. ఆయన కొన్ని వారాలకే పోయాడు. “అంతటివాడికే...” అని అక్క పూర్తిచేయలేదు. అవతలివాడు మూడు గంటల నిపుణుడు కదా, మొహమాటపడి ఉంటుంది.

ఆస్పత్రికి వెళ్లాల్సొస్తే ఎలా వెళ్లాలో కూడా చెప్పింది. మనవాళ్లు ముందు చేసే పని మిగిలినవాటిని చెత్తలో పారేసి, ఇల్లు శుభ్రం చేసుకుని, కడుపునొప్పి మొదలయ్యాక బయల్దేరడం. అనుమానం వచ్చిన క్షణమే, నొప్పి కోసం ఎదురుచూడకుండా వెళ్లాలట. వండనిది ఒకటి కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లాలట, ప్లాస్టిక్ సంచిలో అయితే కుళ్లిపోతుంది. దొంగని పట్టించాలంటే ఫొటో ఒకటే చాలదు కదా.

పొద్దున గ్లాసు తీసి టోపీని మెల్లగా ఎత్తింది. నల్లకాగితం మీద ఏమీ పోల్చుకోలేకపోయాను. తెల్లకాగితం మీద మాత్రం టోపీ అడుగు అచ్చు గుద్దినట్టు దిగింది, ఒక్కో రేకూ గీతలా. పారాసోల్ అయితే ఆ పొడి తెల్లగా ఉండాలి. ఇది పాచి రంగు, నీళ్ల తొట్టి గోడకి పట్టే ఆకుపచ్చ.

“క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్” అంది అక్క, వచ్చిన చుట్టాన్ని పరిచయం చేసినంత మామూలుగా. “లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరాక పచ్చబడతాయి. గడ్డినేలల్లో తెగ వస్తుంది. మనుషులు పారాసోల్ అనుకుని తినేవాటిలో ఇదొకటి. చావు అరుదు. గంటా రెండు గంటల్లో మొదలవుతాయి వాంతులు, ఇక రాత్రంతా బాత్రూమే.”

మూడు ఓట్ల మెజారిటీతో గెలిచిన పదకొండింటినీ గుంట తీసి పూడ్చాం. కాగితం పారేయబోతే అక్క లాక్కుని, వెనకవైపు తేదీ, చోటు రాసి పుస్తకంలో పెట్టుకుంది. సాయంత్రం మళ్లీ వెళ్దాం రమ్మంది. బుట్ట తెచ్చుకోనా అంటే పెన్సిల్ తెచ్చుకోమంది.