మునిగిపోయే కార్ల కంపెనీని ఖజానా ఒడ్డున పడేయాలా?

2008 నవంబరులో అమెరికాలోని మూడు పెద్ద కార్ల కంపెనీలు జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్‌ల అధిపతులు ప్రభుత్వ సాయం కోరుతూ వాషింగ్టన్ వెళ్లారు. డిసెంబరులో సాయం బిల్లు సెనేట్‌లో ఆగిపోయింది. అయినా అధ్యక్షుడు జార్జ్ బుష్ బ్యాంకుల కోసం ఏర్పాటైన నిధి నుంచి జనరల్ మోటార్స్, క్రైస్లర్‌లకు 1,740 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించారు. తరువాత వచ్చిన ఒబామా ఆ సాయాన్ని ఇంకా పెంచారు. కార్ల పరిశ్రమకు అందిన మొత్తం దాదాపు 8,000 కోట్ల డాలర్లు. అందులో 900 కోట్లకు పైగా తిరిగి రాలేదు. ఆ నిర్ణయం సబబా కాదా అన్న తగవు నేటికీ తెగలేదు. ఒకరు ఖజానా తరఫున, మరొకరు కార్మికుల తరఫున నిలబడి వాదిస్తే ఇలా ఉంటుంది. రెండు వైపులా బరువున్న మాటలే ఉన్నాయని నా నమ్మకం. అందుకే ఎవరి నోరూ నొక్కలేదు.

ఖజానా పక్షం: లాభాలు వచ్చినన్నాళ్లూ అవి వాటాదారులవి. నష్టాలు మాత్రం దేశమంతటివి ఎలా అవుతాయండీ? సాయం అడగడానికి వచ్చిన ఆ ముగ్గురూ కంపెనీ విమానాల్లో, ఒక్కొక్కరు ఒక్కో విమానంలో దిగారు. అంతటి కష్టకాలంలో కూడా ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచన రానివారి చేతికి జనం కట్టిన పన్నులు అప్పగించాలా?

కార్మిక పక్షం: ఆ విమానాలను చూసి నాకూ ఒళ్లు మండింది. కానీ ఆ తరువాత జరిగింది కూడా చెప్పండి. 2009 మార్చిలో జనరల్ మోటార్స్ అధిపతి రిక్ వాగనర్‌ను ప్రభుత్వమే తప్పుకోమంది, ఆయన తప్పుకున్నారు. జూన్ 1న కంపెనీ దివాలా కోర్టుకు వెళ్లింది. పాత వాటాదారుల చేతిలో చిల్లిగవ్వ మిగలలేదు. నష్టమంతా జనం నెత్తిన పడిందనడం నిజం కాదు.

ఖజానా పక్షం: చివరికి దివాలా కోర్టుకే వెళ్లినప్పుడు మధ్యలో ప్రభుత్వం ఎందుకు? యునైటెడ్, డెల్టా విమానయాన సంస్థలు దివాలా రక్షణలో, అంటే అప్పులవాళ్లను కోర్టు ఆపి ఉంచగా, ఏళ్ల తరబడి విమానాలు నడిపాయి, అప్పులు సర్దుకుని బయటపడ్డాయి.

కార్మిక పక్షం: అలా నడవాలంటే రోజువారీ ఖర్చులకు ఎవరో ఒకరు డబ్బు సర్దాలి. 2008 సెప్టెంబరులో పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలాక బ్యాంకులు ఒకదానికొకటి అప్పివ్వడానికే భయపడ్డాయి. అప్పుడు డబ్బు లేకుండా కోర్టుకు వెళితే యంత్రాలు విప్పి, స్థలాలు ముక్కలు చేసి అమ్ముకోవడమే మిగిలేది. పైగా కథ ఒక్క కంపెనీతో ఆగదు. సీట్లు, బ్రేకులు, వైర్లు చేసే విడిభాగాల కర్మాగారం ఒకే కంపెనీకి సరఫరా చేయదు. జనరల్ మోటార్స్ బకాయిలు ఎగ్గొడితే ఆ కర్మాగారం మూతపడుతుంది. మర్నాడు ఫోర్డ్ కార్లకు సీట్లు రావు, ఆ పైన టయోటాకు బ్రేకులు రావు. ఫోర్డ్ అధిపతి అలన్ ములాలీ తమకు ఆ సొమ్ము అక్కర్లేకపోయినా అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ముందుకు వచ్చి పోటీదారులను ఆదుకోమని అడిగారు. పోటీదారు చావు తనకూ చావేనని ఆయనకు తెలుసు.

ఖజానా పక్షం: ఫోర్డ్ మాట మీరే ఎత్తారు, మంచిది. ఆ కంపెనీ 2006లోనే గడ్డు రోజులు పసిగట్టి, కర్మాగారాలతో పాటు తన నీలిరంగు చిహ్నాన్ని కూడా తాకట్టు పెట్టి 2,300 కోట్లకు పైగా డాలర్లు సమకూర్చుకుంది. ఆ ముందుచూపుకు దక్కిందేమిటి? దాని నెత్తిన వడ్డీ భారం మిగిలింది. పక్క కంపెనీ మాత్రం దివాలా కోర్టులో అప్పులు కడిగేసుకుని, ప్రభుత్వ సొమ్ముతో కొత్తగా రోడ్డెక్కింది. జాగ్రత్తపడినవాడికి శిక్ష, పడనివాడికి బహుమానం! క్రైస్లర్ అయితే 1979లోనూ ఇదే తలుపు తట్టింది. ఒకసారి కాపాడితే రెండోసారి కాపాడకపోతారా అన్న ధీమా పెరగదా?

కార్మిక పక్షం: 1979లో ప్రభుత్వం చేతి సొమ్ము ఇవ్వలేదు, 150 కోట్ల డాలర్ల అప్పుకు పూచీ మాత్రమే పడింది. లీ అయాకోకా నాయకత్వంలో క్రైస్లర్ ఆ అప్పును 1983లోనే, గడువుకు ఏడేళ్ల ముందే తీర్చేసింది. ప్రభుత్వానికి 30 కోట్లకు పైగా డాలర్లు లాభం కూడా వచ్చింది. ఆ కార్మికులు దాదాపు 30 ఏళ్లు జీతాలు తీసుకుని, పన్నులు కట్టి, పిల్లలను చదివించుకున్నారు. దాన్ని లెక్కలోంచి తీసేస్తారా?

ఖజానా పక్షం: బ్రిటన్‌ను చూడండి. 1975లో కార్ల కంపెనీ బ్రిటిష్ లేలాండ్‌ను జాతీయం చేశారు, ఏళ్ల తరబడి డబ్బు పోశారు, 1988లో అమ్మేశారు. 2005 ఏప్రిల్‌లో దాని వారసురాలు ఎంజీ రోవర్ కూలినప్పుడు లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంలో సుమారు 6,000 మంది ఉద్యోగాలు పోయాయి. ఆఖరి రోజుల్లో మరో వారం నడవడానికి ప్రభుత్వం 65 లక్షల పౌండ్లు అప్పిచ్చింది. ఒక్క వారం!

కార్మిక పక్షం: లేలాండ్ విషయంలో మీతో గొడవపడను. పాత పద్ధతులు మార్చకుండా డబ్బు పోస్తే అంతే. జనరల్ మోటార్స్ అలా చేయలేదు. పాంటియాక్, శాటర్న్, హమర్ బ్రాండ్లను మూసేసింది. కార్మికుల వైపు నుంచి చూస్తే అది చాలా బాధాకరమైన కోత. కొత్తగా చేరినవారికి గంటకు 14 డాలర్లే ఇచ్చారు, పక్కనే అదే పని చేస్తున్న పాతవారికి దానికి రెట్టింపు. ఆ సొమ్మంతా కార్మిక సంఘం జేబులోకి పోయిందనేవారు ఈ సంగతి చూడాలి.

ఖజానా పక్షం: చూశాను, ఇంకో సంగతి కూడా చూశాను. విడిభాగాల సంస్థ డెల్ఫీలో సంఘ సభ్యులైన విశ్రాంత కార్మికుల పింఛనులో తరుగుపడిన భాగాన్ని జనరల్ మోటార్స్ భర్తీ చేసింది. అదే సంస్థలో సంఘంలో లేని ఉద్యోగులకు ఆ భరోసా దక్కలేదు, వాళ్లలో చాలామందికి పింఛనులో కోత పడింది. ప్రభుత్వం ఒక్కసారి తక్కెడ పట్టుకుందంటే ఎవరిని ఎక్కించాలో, ఎవరిని దించాలో రాజకీయం నిర్ణయిస్తుంది.

ఖజానా పక్షం (కొనసాగిస్తూ): ఇంతకన్నా నన్ను కలచివేసింది 2014 నాటి తాళంచెవి వ్యవహారం. జనరల్ మోటార్స్ చిన్న కార్లలో ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండేది. బరువైన తాళంచెవుల గుత్తి వేలాడినా, మోకాలు తగిలినా తాళంచెవి తిరిగిపోయి, నడుస్తున్న కారు ఇంజను ఆగిపోయేది. ఆ స్థితిలో గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవు. కంపెనీ ఇంజినీర్లకు ఈ లోపం ఏళ్ల క్రితమే తెలుసు. ఆ స్విచ్ వల్ల 124 మంది చనిపోయారని కంపెనీ పెట్టిన పరిహార నిధే ఒప్పుకుంది. దివాలాకు ముందు జరిగిన ప్రమాదాలకు తమకు బాధ్యత లేదని, దివాలా తరువాత ఏర్పడిన కొత్త జనరల్ మోటార్స్ కోర్టులో వాదించింది, ఆ వాదన చెల్లదని 2016లో అప్పీలు కోర్టు చెప్పాల్సి వచ్చింది. జనం సొమ్ముతో బతికిన కంపెనీ, జనం ప్రాణాల దగ్గరికి వచ్చేసరికి పాత కంపెనీ వేరు, మేం వేరు అంది!

కార్మిక పక్షం: ఆ వాదన సిగ్గుచేటు, దాన్ని నేను సమర్థించను. కానీ ఆలోచించండి, 2009లో కంపెనీని ముక్కలుగా అమ్మేసి ఉంటే ఆ కుటుంబాలు పరిహారం కోసం ఎవరి గడప తొక్కేవి? మూతపడిన కర్మాగారం గేటునా? కంపెనీ బతికి ఉంది కనుకే నిధి పెట్టించగలిగారు. లోపాన్ని దాచింది లోపలి మనుషులు, పట్టుకోలేకపోయింది రవాణా భద్రతా విభాగం.

ఖజానా పక్షం: ఆ విభాగం ఎవరిది? ప్రభుత్వానిదే. 2009లో ఆ కంపెనీలో 60 శాతానికి పైగా వాటా ఎవరిది? అదీ ప్రభుత్వానిదే. 2013 డిసెంబరులో చివరి వాటా అమ్మారు. లోపమున్న కార్లను వెనక్కి పిలవడం 2014 ఫిబ్రవరిలో మొదలైంది. రెండింటికీ సంబంధం ఉందని నేననను. కానీ తనిఖీ చేసేవాడే యజమాని అయితే అనుమానం పుట్టకుండా ఎలా ఉంటుంది?

కార్మిక పక్షం: అయితే వాటా వద్దు, అప్పివ్వండి, షరతులు కాగితం మీద రాయించుకోండి. జనరల్ మోటార్స్‌కు పన్ను రాయితీ ఇచ్చినప్పుడు ఒహాయో రాష్ట్రం ఉద్యోగాలు నిలపాలని షరతు పెట్టింది. 2019లో లార్డ్స్‌టౌన్ కర్మాగారంలో ఉత్పత్తి ఆపేశాక, 2020లో 2 కోట్ల 80 లక్షల డాలర్లు వెనక్కి కట్టించుకుంది. ఆ దారి అందరికీ ఉంది.

ఖజానా పక్షం: అప్పు తీర్చే స్తోమత ఉన్న కంపెనీ అయితే బ్యాంకే అప్పిస్తుంది. ప్రభుత్వం దాకా రావడమే దాని అసలు పరిస్థితి ఏమిటో చెబుతుంది.

కార్మిక పక్షం: 2008 డిసెంబరులో ఏ బ్యాంకు ఇచ్చేదో ఒక్క పేరు చెప్పండి.