కేస్ షీట్ గారికి ఒక డాక్టరు విన్నపం

మహారాజశ్రీ కేస్ షీట్ గారికి నమస్కరించి రాయునది.

నేనిక్కడ క్షేమంగా లేను. తమరు మాత్రం రికార్డు రూములో దుమ్ము కప్పుకుని హాయిగా ఉన్నారు.

ఆపరేషన్ ప్రమాదాలు పేషెంటుకి ముందే చెప్పలేదన్న ఫిర్యాదు మీద నిన్న మధ్యాహ్నం మెడికల్ కౌన్సిల్ విచారణలో నాలుగు గంటలు కూర్చున్నాను. థైరాయిడ్ ఆపరేషన్‌కి ముందు ఆ పెద్దాయనకి బొమ్మ గీసి మరీ చెప్పాను: గొంతు బొంగురుపోవచ్చు, రక్తం కారితే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి రావచ్చు అని. ఇరవై నిమిషాలు! బొమ్మ గీసింది మందుల కంపెనీ ప్యాడ్ మీద, సాయంత్రానికి చెత్తబుట్టలో పడింది. తమరి పొట్టలో మిగిలింది "అన్నీ వివరించాను" అనే ఒక్క ముక్క. కమిటీలో ఒకావిడ కళ్లద్దాలు సర్దుకుని, "ఇది వాక్యమా, సంతకమా డాక్టర్ గారూ?" అన్నారు.

అది సరే. నోటీసు వచ్చిన రాత్రి మిమ్మల్ని తెరిస్తే, ఆ ముక్క పక్కన రెండంగుళాల ఖాళీ. అదే నల్ల పెన్ను నా జేబులో. "రాసుకో నాయనా, ఎవరు చూడొచ్చారు" అన్నట్టు పడున్నావు. ఎంత దొంగబుద్ధి నీది! పొరపాటైతే చాలాసార్లు మందలింపుతోనో ట్రైనింగుతోనో పోతుంది. రికార్డు దిద్దితే మాత్రం వైద్యం సంగతి పక్కకి పోయి, మనిషే అబద్ధాలకోరని తేలుతుంది. 2010లో బ్రిటన్ డాక్టర్ల రిజిస్టర్‌లోంచి ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పేరు కొట్టేసినప్పుడు, అతని మీద రుజువైన వాటిలో నిజాయితీ తప్పడం కూడా ఉంది. నీ తమ్ముడు కంప్యూటర్ ఇంకా గడుసు, ఎవరు ఏ నిమిషంలో ఏం మార్చారో అంతా గుర్తుపెట్టుకుంటాడు. తప్పు దిద్దాలంటే కింద అక్షరాలు కనబడేలా ఒక్క గీత, పక్కన ఈరోజు తేదీ, టైము, సంతకం. నోటీసు వచ్చాక అదీ వద్దు. చెప్పేదేదో వేరే కాగితం మీద జవాబుగా రాసుకోవాలి. ఇంత తెలిసినవాడికే ఆ రాత్రి పెన్ను క్యాప్ తీయాలనిపించింది.

నీ చుట్టాలూ తక్కువేం కాదు. ముందే సంతకాలు పెట్టించుకునే ప్రిస్క్రిప్షన్ ప్యాడ్, చూడని మనిషికి జ్వరం తెప్పించే సర్టిఫికెట్, పేషెంటు ఎక్స్‌రేని పేరుతో సహా ఊరేగించే వాట్సాప్ గ్రూపు, గడువు దాటాకే గుర్తొచ్చే రెన్యువల్. లైసెన్సుకి ఎసరు పెట్టడంలో ఒకరిని మించినవారొకరు.

చివరికి లాయరు విసుగ్గా నీ పేజీలు తిప్పుతుంటే పదిహేడో దాంట్లో నర్సమ్మ గుండ్రటి అక్షరాలు కనబడ్డాయి. "సాయంత్రం 4.20. డాక్టర్ గారు బొమ్మ గీసి, గొంతు మారవచ్చని, రక్తం కారవచ్చని చెప్పారు. నేను పాటలు పాడను కదా, పర్లేదు అని పేషెంటు నవ్వారు."

నాలుగు గంటలు కడుపులో దాచుకుని కూర్చున్నావా దాన్ని? ముందే చూపిస్తే నీ సొమ్మేం పోయేది?

ఇట్లు,
తమరి డాక్టరు
(రాత్రి 11.40. సంతకం చదవగలరు.)