పెరళ్లకీ ఒక కోడ్ కావాలి

ఎన్నికలు రాగానే కోడ్ వస్తుంది. శంకుస్థాపనలు ఆగిపోతాయి, విగ్రహాలకి ముసుగులు పడతాయి, జనానికి కొన్నాళ్లు ఊపిరాడుతుంది. మొక్కలకి మాత్రం ఈ దేశంలో అలాంటి రక్షణ లేదు. కాబట్టి మృగశిర కార్తె ప్రవేశించిన నాటి నుంచి శ్రీకాకుళం పట్టణంలో పెరడున్న, డాబా ఉన్న ప్రతి గృహస్థు మీదా కోడ్ విధించాలని సంబంధిత అధికారులని డిమాండ్ చేస్తున్నాను.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతున్నప్పుడు పెరటి వైపు తొంగిచూసిన నాథుడు లేడు. మొక్కలు వాటి తంటాలేవో అవి పడ్డాయి. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయో లేదో వీధి వీధంతా వ్యవసాయ శాస్త్రవేత్తలే. సరిగ్గా అప్పుడే కడియం మొక్కల బండి మైకు పెట్టుకుని ఏడు రోడ్ల కూడలి దాటి వస్తుంది. రెండేళ్లకే కాపు అని హామీ ఇస్తుంది. హామీ అనగానే ఓటరుకి వచ్చే అనుమానం మొక్క కొనేవాడికి ఎందుకు రాదో నాకు అంతుపట్టదు. అరసవల్లిలో సాక్షాత్తూ సూర్యనారాయణమూర్తి పక్కన కాపురముంటూ ఆపిల్ మొక్క కొన్నవాళ్లున్నారు.

కోడ్‌లో మొదటి నిషేధం నీళ్ల మీద. మా వీధిలో ఒక రిటైర్డ్ పెద్దమనిషి వాన కురుస్తుండగా గొడుగు పట్టుకుని మరీ కుండీలకి నీళ్లు పోస్తారు. "వానొస్తంది కదండీ?" అంటే, "దాని దారి దానిది, మన డ్యూటీ మనది" అన్నారు. ఆయన బొప్పాయి కథ విచారకరం. మొదలు దగ్గర రెండు రోజులు నీరు నిలిస్తే చాలు, బొప్పాయికి వేరు కుళ్లు పట్టుకుంటుంది. ఆకు పండుబారింది. పండుబారితే ఆకలన్నమాట అని ఆయన గుప్పెడు యూరియా వేశారు. వేసిన యూరియా ఒంటబట్టాలి కదా అని ఇంకో బిందె పోశారు. ఇంత సంక్షేమాన్ని తట్టుకుని బతికిన బొప్పాయిని నేను చూడలేదు.

కుండీ కింద పళ్లేల సంగతి వేరే. డెంగీ దోమకి మురుగు గిట్టదు, శుభ్రమైన నిలవ నీరు కావాలి. వారం పది రోజులు కదపకుండా ఉంచితే గుడ్డు దోమై ఎగురుతుంది. శుక్రవారం డ్రై డే అంటూ వచ్చిన ఆరోగ్య సిబ్బందితో "మంచి నీళ్లే కదమ్మా" అని వాదించేవాళ్లున్నారు. దోమ వాదనా అదే.

నత్తల మీద ఉప్పు చల్లడం కూడా నిషేధించాలి. నత్త పోతుంది, నిజమే. దాంతోపాటు మొక్కా పోతుంది.

మునగ దగ్గర మాత్రం కోడ్ తిరగబడి, కొమ్మలు కొట్టమని ఆదేశించాలి. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న వచ్చింది. హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీకి వచ్చింది. తిత్లీ 2018లో ఒకరోజు ముందే, అక్టోబరు 11న దిగి ఉద్దానం కొబ్బరిని పడగొట్టేసింది. తుఫాన్లే ఇంత క్రమశిక్షణగా వస్తుంటే, మనవాళ్లు పుల్లలా విరిగే మునగని రెండో అంతస్తు దాకా పెంచి, కొమ్మ కొట్టడానికి చెయ్యి రాదంటారు. ఆ చెయ్యి రానితనమంతా తర్వాత పక్కింటి రేకుల మీద పడుతుంది.

ముసాయిదా చదివి వినిపిస్తే ఎదురింటి మామ్మగారు అభ్యంతరం చెప్పారు. "కోడేటి బాబూ! వానొచ్చిన్నాడే గోడవార ఆనప గింజలు కుక్కీసినాను. అయ్యే మొలుత్తాయి." ఆవిడ ఎరువు కొనరు. పురుగు కనిపిస్తే పొయ్యిలో బూడిద చల్లుతారు. శ్రావణం వచ్చేసరికి ఆ పాదు మూడిళ్ల డాబాలని ఆక్రమిస్తుంది, ఒక్కరూ కోర్టుకెళ్లరు. అంచేత ఆవిడకి పూర్తి మినహాయింపు ఇచ్చాను.

ఇక కోడ్ ఉల్లంఘించినవారికి జైలూ వద్దు, జరిమానా వద్దు. ఆవిడ పాదుకి కాసిన కాయలు రోజుకొకటి చొప్పున వాళ్లింటికి పంపాలి. కూరో, పులుసో, దప్పళమో వాళ్లిష్టం. తిన్నారో, పనిమనిషికి ఇచ్చేశారో సాయంత్రం మామ్మగారే వెళ్లి విచారిస్తారు.