హాల్లో ఉన్న ఏసీ గారికి, ముక్కు మూసుకుని రాయునది

మహారాజరాజశ్రీ, మా హాల్లో తూర్పు గోడ మీద కొలువై ఉన్న ఒకటిన్నర టన్ను ఏసీ గారి దివ్యసముఖమునకు, కింద సోఫాలో కూర్చున్న ఇంటి యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా ఊపిరి బిగబట్టుకుని క్షేమంగానే ఉన్నాం. తమరి లోపల కూడా ఏవో ప్రాణులు మాకంటే క్షేమంగా, పిల్లాపాపలతో వర్ధిల్లుతున్నాయని తమరి గాలిని బట్టి తెలుస్తూనే ఉంది.

మొన్న ఆదివారం తమరు చేసిన మర్యాదకి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. బెజవాడ, రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. మా చెల్లిని చూసుకోవడానికి గుంటూరు నుంచి పెళ్ళివారు వచ్చారు. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, చెమటలు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఇంటి పరువంతా తమరి చేతిలో పెట్టి రిమోట్ నొక్కాను. తమరు కీమని, మెల్లగా నోరు తెరిచారు.

తెరవగానే అబ్బాయి వాళ్ళ నాన్న అబ్బాయి సాక్సుల వైపు చూశారు. అబ్బాయి కాళ్ళు సోఫా కిందకి లాక్కున్నాడు. పాపం, అతనికే అనుమానం వచ్చినట్టుంది, మాటల మధ్యలో కిందకి వంగి ఫోన్ పడిపోయినట్టు నటించి వాసన చూసుకున్నాడు. వాళ్ళమ్మగారు కొంగు ముక్కు దాకా తెచ్చి, మర్యాద గుర్తొచ్చి నుదురు తుడుచుకుని, "ఇల్లు ఇప్పుడే కడిగించారా వదినగారూ?" అని అడిగారు. మా అమ్మ వంటింట్లోకి పరిగెత్తి సంపెంగ అగరబత్తులు కట్ట కట్టంతా వెలిగించుకొచ్చింది. దాంతో ఆ కంపుకి కాస్త భక్తి కూడా తోడైంది.

పది నిమిషాలు గడిచాయి. పకోడీలు వచ్చేసరికి వాసన మాయం. హాలంతా హాయిగా, చల్లగా, అమాయకంగా ఉంది. తమరు తెల్లటి మొహంతో, ఇందాకటి సంగతేదీ తమరికి తెలియనట్టు, ఇరవై నాలుగు అంకె చూపిస్తూ నవ్వుతున్నారు.

ఏసీ గారూ, వాసన వస్తే భరిస్తాం. కృష్ణా కాలువల పక్కన పుట్టి పెరిగిన ముక్కులివి. నన్ను కాల్చుకు తింటున్నది ఆ పది నిమిషాలు. ఎందుకంటే ఆ పది నిమిషాలూ చుట్టాల కోసం, ఆ తర్వాత మంచితనమంతా మెకానిక్ కోసం. తమరి నేరానికి సాక్ష్యం మిగలదు.

మెకానిక్ వస్తానన్న రోజు ఆఫీసుకి సెలవు పెట్టి కూర్చున్నాను. భోజనాల వేళ ఫోన్ చేస్తే "దారిలో ఉన్నా సార్, బెంజ్ సర్కిల్ దగ్గర" అన్నాడు. కునుకు తీసి లేచి చేసినా బెంజ్ సర్కిలే. టీ తాగి చేసినా బెంజ్ సర్కిలే. ఆ కుర్రాడికి ఆ సర్కిల్లో ఇల్లేమైనా ఉందేమో అడగలేదు. చీకటి పడ్డాక వచ్చాడు. అప్పటిదాకా ఎండలో ఉడికిపోలేక తమరిని ఆన్ చేసే ఉంచాం కాబట్టి, తమరు కడిగిన ముత్యంలా ఉన్నారు. ఆ కుర్రాడు "స్టూలుందా సార్?" అని అడిగి, ఎక్కి, తమరి నోటి దగ్గర ముక్కు పెట్టి దీర్ఘంగా పీల్చాడు. "ఏం రావట్లేదే సార్" అన్నాడు.

ఆపి మళ్ళీ వేశాం. రాలేదు. కాసేపు ఆపి ఉంచితే తప్ప రాదని చెప్పాను. "అంత టైం లేదు సార్, ఇంకో రెండు కాల్స్ ఉన్నాయి" అన్నాడు. వస్తుందని మా ఆవిడ ఒట్టు వేసింది. మా నాన్న కూడా వేశారు. ఆ కుర్రాడు మా ఇంటిల్లిపాదినీ జాలిగా చూశాడు. ఆరోజు నాకు తెలిసింది, దొంగ కంటే దొంగతనం జరిగిందని చెప్పేవాడికే ఎక్కువ సిగ్గు. నువ్వు అక్కడ గోడ మీద నించుని... క్షమించాలి, తమరు అక్కడ గోడ మీద నిలబడి ఆ నటన నేర్చుకున్నదెక్కడ?

అతను వెళ్ళాక మేం పరీక్ష పెట్టుకున్నాం. లోపలే కూర్చుంటే ముక్కు వాసనకి అలవాటు పడిపోతుంది, అది ముక్కు స్వభావం. అందుకని ఒక్కొక్కరం బయట లిఫ్టు దగ్గరికి వెళ్ళి, కాసేపు నిలబడి, తలుపు తీసుకుని లోపలికొచ్చి "వస్తోంది", "కొంచెం తగ్గింది", "నాకైతే వస్తోంది" అని తీర్పులు చెప్పాం. ఎదురింటావిడ తలుపు సందులోంచి చూసి, మా ఇంట్లో ఏదో వాస్తు శాంతి జరుగుతోందనుకుంది.

పోతూ పోతూ ఆ కుర్రాడు ఫిల్టర్లు ఊడదీసి, మా బాత్రూంలో పంపు కింద కడిగి, సర్వీసు చార్జీ తీసుకుని, గుమ్మం దగ్గర ఒక మాట వదిలాడు. "గ్యాస్ తగ్గినట్టుంది సార్, నింపిస్తే పోద్ది." తమరి జాతికి ఏ రోగం వచ్చినా ఈ దేశంలో మందు గ్యాసే. నీళ్ళు కారితే గ్యాస్, చప్పుడొస్తే గ్యాస్, రిమోట్ పని చేయకపోతే కూడా గ్యాస్ అంటారేమోనని నాకు భయం. లోపల ఉండే ఆర్ 32 అనే గ్యాస్ రాగి గొట్టాల్లో మూసుకుని తిరుగుతుంది, వంటగ్యాసులా వాడితే అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టు, అప్పుడు ముందు లీకు పట్టుకోవాలి. దానికి ఇంచుమించు వాసనే ఉండదు. పైగా గ్యాస్ తగ్గితే చల్లదనం పోవాలి. ఇక్కడ మా అమ్మ శాలువా కప్పుకుని సీరియల్ చూస్తోంది.

తమరి వంశచరిత్ర కాస్త గుర్తు చేయాలి. తమరి మూలపురుషుడు 1902లో అమెరికాలో బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు కోసం పుట్టాడు. విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజనీరు తయారు చేశాడు. మనుషులు చల్లగా కూర్చోవాలని కాదు సుమండీ. గాల్లో తేమ ఎక్కువైతే కాగితం సాగుతోంది, తగ్గితే ముడుచుకుంటోంది, రంగు మీద రంగు సరిగ్గా పడటం లేదు. ఆ తేమని అదుపులో పెట్టడమే ఆయన పని. అంటే గాల్లో తడి పట్టుకుని బయట పారేయడం తమరి కులవృత్తి. అంతటి వంశంలో పుట్టి, పట్టుకున్న తడిని బయట పారేయకుండా సొంత కడుపులో దాచుకుంటారా?

కడుపు అంటే కడుపే. తమరి లోపల చల్లటి కాయిలు, దానికి కాగితం మందాన అల్యూమినియం రేకులు. ఉక్కపోత గాలి వాటికి తగలగానే నీళ్ళు కడతాయి. మన కోస్తాలో రాత్రి డ్రెయిన్ పైపు కింద బకెట్ పెడితే తెల్లారేసరికి నిండుతుంది. ఆ నీళ్ళు రేకుల మీంచి ట్రేలోకి, ట్రేలోంచి పైపులోకి పోవాలి. పోయినంత పోతాయి. తమరిని ఆపేసిన క్షణాన రేకులన్నీ తడిగానే ఉంటాయి. చీకటి, తడి, గాలి కదలదు. దానికి తోడు మా ఇంటి దుమ్ము, పోపు పొగ, మా ఒంటి మీంచి రాలే పొట్టు. మేం రోజూ వేసే సాంబ్రాణి, ఆదివారం వెలిగించిన ఆ అగరబత్తుల మసి కూడా వెళ్ళి ఆ తడికే అంటుకుంటుంది. ఫిల్టర్ జల్లెడ పెద్ద దుమ్మునే ఆపుతుంది, ఇవన్నీ దాన్ని దాటిపోతాయి. బూజుకీ బ్యాక్టీరియాకీ అంతకంటే మంచి సత్రం ఏముంటుంది. మళ్ళీ ఆన్ చేయగానే రాత్రంతా వాళ్ళు చేసుకున్న విందు వాసన మొదటి గాలిలో మా మొహాన కొడుతుంది. ఆ పది నిమిషాల గుట్టు ఇదే.

బల్లి చచ్చినా వాసనొస్తుందని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒకాయన చెప్పారు. పంచాంగంలో బల్లి తల మీద పడితే ఒక ఫలితం, భుజం మీద పడితే ఒక ఫలితం రాశారు గానీ, ఏసీలో పడితే ఏమిటో రాయలేదు. చూశాం, తమరి దగ్గర బల్లి లేదు. ఇంకొకరు మురుగు వాసన సంగతి చెప్పారు. వాళ్ళింట్లో ఏసీ బిగించినవాడు డ్రెయిన్ పైపుని నేరుగా బాత్రూం గొట్టంలో దూర్చి పోయాడట, అక్కడి గాలి తిన్నగా పడకగదిలోకి. అది వేరే జబ్బు. వైరు కాలిన వాసనైతే అసలు ఉత్తరాలు రాసే పనే లేదు, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవడమే. తమరిది మాత్రం సిసలైన ముక్కిపోయిన వాసన.

ఇక చిట్కాల వాళ్ళు. ఫిల్టర్ మీద కర్పూరం పెట్టమని ఒకరు, నిమ్మచెక్క పెట్టమని ఒకరు. మా బావ హైదరాబాద్ నుంచి వీడియో కాల్ చేసి మరీ చెప్పాడు, "మంచి సెంటు కొట్టు బావా." కొట్టాం. మూడు రోజులు మా హాల్లో, పెళ్ళికి వచ్చి స్నానం చేయని చుట్టం వాసన వచ్చింది.

చిన్నప్పుడు మా తాతగారింట్లో కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టేవాళ్ళు. మధ్యాహ్నం వాటి మీద నీళ్ళు చిలకరిస్తే గాలితోపాటు వచ్చే పరిమళానికి మత్తుగా నిద్ర పట్టేది. నీళ్ళూ గాలే అక్కడ కూడా. ఈఎంఐ లేదు.

తమరి ఒంటి మీద స్టిక్కర్‌కి కూడా ఒక నమస్కారం. అయిదు నక్షత్రాలు. అవి కరెంటుకి సంబంధించినవట, కంపుకి నక్షత్రాలు ఇవ్వరట. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నియమం పెట్టారు. 20కి తక్కువ, 28కి ఎక్కువ పెట్టే వీలు లేకుండా చేస్తామని 2025లో కేంద్ర మంత్రి చెప్పారు. డిగ్రీల మీద ఇంత శ్రద్ధ పెట్టే ప్రభుత్వానికి మొదటి పది నిమిషాల గురించి కూడా ఒక కమిటీ వేయాలని ఎందుకు తోచదో.

ఇప్పుడు అసలు మాటకొస్తాను, ఇక తమరూ గిమరూ లేదు.

నీకు మందు లేక కాదు. నీలోనే ఉంది. రిమోట్‌తో ఆపిన తర్వాత కూడా నీ ఫ్యాను కాసేపు తిరిగి లోపలి తడి ఆరబెట్టే ఏర్పాటు కంపెనీవాడు నీలో పెట్టాడు. మాన్యువల్‌లో చీమ తలకాయంత అక్షరాల్లో రాశాడు. బిగించడానికి వచ్చినవాడు ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి అరగంట చెప్పాడు, ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు. మా నాన్న ఏం చేస్తారు? నిన్ను ఆపగానే లోపల ఇంకా బుర్రుమంటున్నావని కంగారుపడి, లేచి వెళ్ళి గోడ మీద స్విచ్ కట్టేస్తారు. "ఆపిన తర్వాత తిరగడమేంట్రా, బిల్లెవడు కడతాడు?" అంటారు. ఆయన తప్పేముంది? జీవితమంతా ఫ్యాన్లు, లైట్లు ఆపి పిల్లల్ని చదివించిన మనిషి. ఆ మాట నువ్వు చెప్పొద్దా? ఆన్ చేస్తే కీమంటావు, టెంపరేచర్ మారిస్తే కీమంటావు, వైఫైలో నా ఫోన్‌కి గుడ్ మార్నింగ్ చెప్తావు. "అయ్యా, నేను ఆరుతున్నాను, స్విచ్ కట్టేయకండి" అని ఒక్కసారి కూయలేవా?

చివరికి వేరే మనిషిని పిలిపించి వెట్ సర్వీసు చేయించాం. పెద్దాయన, నెమ్మదస్తుడు. నీ మెడకి ప్లాస్టిక్ సంచి కట్టి, సర్క్యూట్ కార్డుకి కవరు చుట్టి, జెట్ పంపుతో కాయిలూ బ్లోయరూ ట్రే అన్నీ కడిగాడు. సంచిలోంచి బకెట్‌లోకి దిగింది చూశావా? చిక్కటి కాఫీ డికాక్షన్. ఇన్నాళ్ళూ మేం పీల్చింది దాని మీంచి వచ్చిన గాలే. మా అమ్మ ఆ బకెట్ వంక చూసి, మారు మాట్లాడకుండా వెళ్ళి స్నానం చేసి వచ్చింది. "బ్లోయర్ రెక్కల్లో పేరుకుంది సార్, ఫిల్టర్ కడిగితే ఇది పోదు" అన్నాడాయన. గ్యాస్ మాట ఎత్తలేదు. ఆయనకి నేను టీ ఇచ్చాను, ఇంకొంచెం ఉంటే దండం పెట్టేవాణ్ణి.

కాబట్టి విను. పదిహేను రోజులకోసారి ఫిల్టర్లు నేను కడుగుతాను. ఆపే ముందు అరగంట ఫ్యాన్ మోడ్‌లో తిప్పుతాను. గోడ స్విచ్ మీద టేపు అంటించి "నాన్నా, దయచేసి వద్దు" అని రాశాను. ఎండాకాలం మొదట్లో ఒకటి, వానల తర్వాత ఒకటి వెట్ సర్వీసు, నా ఖర్చు. నువ్వు చేయాల్సింది ఒక్కటే. వాసన పెట్టాలనిపిస్తే మెకానిక్ ముందు పెట్టు. మగాడివైతే అతను స్టూలెక్కినప్పుడు పెట్టు. అయినవాళ్ళ ముందు కాదు.

ఇది చదివి నువ్వు మారతావన్న ఆశ నాకు లేదు. అలాగని నిన్ను పీకేస్తాననీ అనుకోకు. నలభై అయిదు డిగ్రీల్లో ఆ మాట అనడానికి నాకేమైనా పిచ్చా? ఈలోగా మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరైనా వస్తున్నారని ఫోన్ రాగానే, వాళ్ళు వారధి దాటకముందే నిన్ను ఆన్ చేసి, మేమంతా తలుపు వేసి బయటికి వెళ్ళిపోతాం.

ఇట్లు,
ఇంకా ఏడు వాయిదాలు బాకీ ఉన్న
నీ యజమాని