ఆ వంతెన మీది ఫోటో గురించి

కొన్నాళ్లుగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. విదేశీ చదువుల అసలు రంగు చెబుతానంటూ మొదలయ్యే ఆ సందేశంలో నాలుగు ఆరోపణలు ఉన్నాయి. అక్కడికి వెళ్లిన పిల్లలు శని, ఆదివారాల షికార్లకు తల్లిదండ్రుల డబ్బు తగలేస్తారు. అక్కడి చదువు పేరుకే, డబ్బు కడితే పట్టా చేతికి వస్తుంది. మిగిలిన రోజుల్లో వాళ్లు చేసేది గిన్నెలు కడిగే పని. ఒకసారి విమానం ఎక్కినవాళ్లు ఇంటిని మరచిపోతారు. సాక్ష్యంగా కింద ఒక ఫోటో జతచేశారు. నిలువెత్తు ఇసుకరాతి కొండల మధ్య కట్టిన రాతి వంతెన మీద అయిదుగురు కుర్రవాళ్లు చేతులు చాపి నవ్వుతున్నారు.

ఆ వంతెన నాకు తెలుసు. అది జర్మనీలో డ్రెస్డెన్ నగరానికి ఎగువన, ఎల్బే నది ఒడ్డున ఉన్న బాస్టై వంతెన. 2022 అక్టోబరు నుంచి మూడేళ్లపాటు అదే రాష్ట్రంలోని కెమ్నిట్స్ నగరంలో నేను మాస్టర్స్ చదివాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ఈ సందేశాన్ని చూసీ చూడనట్టు వదిలేద్దామనే అనుకున్నాను. కానీ పొందూరు వైపు నుంచి మా కళాశాలకు వచ్చే ఒక విద్యార్థినికి జర్మనీలో సీటు వచ్చిన తరువాత, ఈ సందేశం చదివిన తండ్రి ఆమె ప్రయాణాన్ని ఆపివేశారని తెలిశాక, ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పడం నా బాధ్యత అనిపించింది.

శని, ఆదివారాల షికార్లకు డబ్బు తగలేస్తారన్న మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే సందేశానికి ప్రాణమంతా ఆ ఫోటోలోనే ఉంది. జర్మనీకి వెళ్లే విద్యార్థి వీసాకు ముందే ఒక ఏడాది ఖర్చుకు సరిపడే సొమ్మును బ్లాక్డ్ అకౌంట్ అనే ప్రత్యేక ఖాతాలో వేసి చూపించాలి. నేను వెళ్లిన ఏడాది అది 10,332 యూరోలు, అంటే అప్పటి లెక్కలో ఎనిమిది లక్షల రూపాయలకు పైమాటే. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు అయింది. చాలామంది దీనిని కాలేజీ ఫీజు అనుకుంటారు. అది ఫీజు కాదు, విద్యార్థి సొంత తిండికీ అద్దెకూ ఉంచిన డబ్బు. దానిని ఒకేసారి తీసుకునే వీలు కూడా లేదు. నెలకు పన్నెండో వంతు మాత్రమే, నా విషయంలో 861 యూరోలు మాత్రమే, చేతికి వచ్చేవి. అందులో గది అద్దెకు 250, తప్పనిసరి ఆరోగ్య బీమాకు నూటపది దాటి, వంట సరుకులకు నూటయాభై పోయేవి. ఫోను, పుస్తకాలు, సెమిస్టర్ రుసుము, చలికోట్లు మిగిలిన దానిలోంచే కొనుక్కోవాలి. మా నాన్న పంపిన డబ్బును ఇష్టం వచ్చినట్టు తగలేయాలని నేను అనుకున్నా, ఆ ఖాతా నన్ను తగలేయనివ్వదు.

ఆ డబ్బు ఎక్కడిదో కూడా నాకు తెలుసు. మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన ఆ తెల్లవారుజామున మా కొబ్బరి తోటలో నిలబడి ఉన్న చెట్ల కన్నా పడిపోయినవే ఎక్కువ. కొత్త మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్ల మధ్యలోనే మా నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి నన్ను పంపించారు. అలాంటి ఇంటి నుంచి వెళ్లిన పిల్లలకు డబ్బు విలువ తెలియదనడం అన్యాయం.

ఇక ఆ షికారు ఖర్చు. 2023 మే 1 నుంచి జర్మనీలో నెలకు 49 యూరోలకు ఒక టికెట్టు వచ్చింది. దేశంలో ఎక్కడైనా లోకల్ రైళ్లు, ట్రాములు, బస్సులు దానితో ఎక్కవచ్చు. వేగంగా వెళ్లే పెద్ద రైళ్లకు మాత్రం అది చెల్లదు. 2025 జనవరిలో దాని ధర 58 యూరోలు అయింది. నేను దానిని కొన్నది ఊరికి దూరంగా ఉన్న గోదాములో పనికి వెళ్లి రావడానికి. నెలంతా పనికోసం కొన్న టికెట్టు ఆదివారం నాడు కూడా చెల్లుతుంది కాబట్టి, ఆదివారం ప్రయాణానికి అదనంగా అయ్యే రైలు ఖర్చు సున్నా. సందేశం రాసినవారు రాతి వంతెనను చూసి లక్షల లెక్క వేశారు. నా లెక్క ఇది.

2023 అక్టోబరులో ఒక ఆదివారం మేము నలుగురం అక్కడికి వెళ్లాం. ముందురోజు రాత్రి విజయనగరం నుంచి వచ్చిన మిత్రుడు చింతపండు పులిహోర కలిపి, ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు టిఫిను క్యారియరులో సర్దాడు. ఉదయం కెమ్నిట్స్‌లో లోకల్ రైలెక్కి, డ్రెస్డెన్‌లో మరో లోకల్ రైలు మారి, రాథెన్ స్టేషనులో దిగాం. స్టేషను ఒక ఒడ్డున, కొండ మరో ఒడ్డున ఉంటాయి. నదిని దాటించే పడవకు ఇంజను లేదు. ఎగువన నదీగర్భంలో లంగరు వేసిన పొడవైన ఇనుప తాడుకు దానిని కట్టి ఉంచారు. పడవవాడు దానిని కొంచెం వాలుగా తిప్పితే, ప్రవాహపు తోపుతోనే అది మెల్లగా అవతలి ఒడ్డుకు జరుగుతుంది. వంశధార మీద గెడతో నెట్టే నాటు పడవలు చూసి పెరిగిన నేను ఆ తాడును, ఆ నీటిని చూస్తూ నిలబడిపోయాను. ఇంజనీరింగ్ చదివిన ఇన్నేళ్లలో బలాల విభజన అన్న పాఠం నాకు అంత స్పష్టంగా అర్థమైంది ఆ పడవ మీదే, ఇప్పుడు మా విద్యార్థులకు ఆ పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద మొదట గీసేది కూడా ఆ పడవనే. అక్కడి నుంచి మెట్లెక్కి పైకి వెళితే, నదికి 194 మీటర్ల ఎత్తున ఆ వంతెన వస్తుంది. 1851లో ఇసుకరాతితో, ఏడు కమానులతో కట్టిన దాని పొడవు 76 మీటర్లకు కాస్త పైన. వంతెన మీద నడవడానికి రుసుము లేదు. ఫోటో తీసుకున్నాం, పులిహోర తిన్నాం, చీకటి పడే వేళకు గదికి చేరాం. పడవకు ఇచ్చిన కొద్ది యూరోలే ఆ రోజు మా ఖర్చు.

ఆ ఫోటో నేను కూడా ఇంటికి పంపాను. గోదాములో పెట్టెలు మోసిన ఫోటో పంపలేదు, పరీక్షకు ముందురోజు రాత్రి మూడింటికి లైబ్రరీలో తీసిన ఫోటో పంపలేదు. అమ్మ చూసి సంతోషించేదే పంపుతాం. వారంలో ఆరు రోజులు ఫోటోకు అందవు, ఏడో రోజు అందుతుంది. ఫోటోలను బట్టి బతుకును లెక్కవేసేవారికి ఏడు రోజులూ ఆదివారంలాగే కనిపించడంలో వింత లేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకే పొద్దు గుంకి, వారాల తరబడి ఎండ మొహం కనిపించని ఊళ్లో, ఒంటరి గదిలో చదువుకునే పిల్లలకు ఆ ఒక్క పగటి నడక మనసు నిలబెట్టుకునే ఆధారం. దానిని నేను విలాసం అనలేను.

అక్కడి ఆదివారం గురించి మరొకటి చెప్పాలి. ఆ రోజు చట్టప్రకారం దుకాణాలు మూసి ఉంటాయి. రైల్వే స్టేషన్లలో కొన్ని తప్ప బియ్యం, కూరగాయలు అమ్మే కొట్టు దాదాపు ఏదీ తెరవదు. ఈ సంగతి తెలియక నేను ఒక శనివారం రాత్రి దిగి, మరునాడు మధ్యాహ్నం వరకు బిస్కట్లతో గడిపాను. పక్క గదిలో ఉన్న బొబ్బిలి అక్క తలుపు తట్టి, వేడి అన్నంలో కందిపొడి, నువ్వులనూనె వేసి పెట్టింది. అందుకే అక్కడి విద్యార్థుల శనివారం అంటే సరదా రోజు కాదు. సరుకులు తెచ్చుకోవడం, బట్టలు ఉతకడం, ఒక్కో ఖాళీ సీసాకు 25 సెంట్ల వరకు, అంటే పావు యూరో దాకా, వెనక్కి ఇచ్చే యంత్రంలో సీసాలు వేసి రావడం, వారానికి సరిపడే వంట చేసి పెట్టుకోవడం, ఇవన్నీ ఆ ఒక్క రోజులోనే ముగియాలి.

డబ్బు కడితే పట్టా వస్తుందన్నది రెండో ఆరోపణ. నేను చదివిన కాలంలో మా విశ్వవిద్యాలయంలో ట్యూషన్ ఫీజే లేదు. సెమిస్టర్‌కు కొద్ది వందల యూరోల రుసుము తప్ప కట్టడానికి ఏమీ లేనప్పుడు, కట్టి కొనుక్కునేది ఏమిటి? అక్కడ ఒక సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు తరగతి, ప్రయోగశాల, ఇంటి దగ్గర చదువు అన్నీ కలిపి 30 గంటల పని ఉంటుందని లెక్క కడతారు. అంటే ఆరు నెలల్లో 900 గంటలు; వారానికి దాదాపు 35. మన దగ్గర ఉన్నట్టు ఇంటర్నల్ మార్కులు ఆదుకోవు, ఎక్కువ సబ్జెక్టులలో చివర రాసే ఒక్క పరీక్షే మొత్తం తేలుస్తుంది. ఒక పరీక్షను సాధారణంగా మూడుసార్లు మాత్రమే రాయనిస్తారు. మూడోసారి కూడా తప్పితే ఆ కోర్సు నుంచి తొలగించడమే కాకుండా, అదే కోర్సును ఆ దేశంలో మరో చోట చదివే దారి కూడా మూసుకుపోతుంది. మా బ్యాచ్‌లో ఒక కుర్రవాడు మూడో ప్రయత్నానికి ముందు పదిహేను రోజులు సరిగా నిద్రపోలేదు. గట్టెక్కాడు. ఫలితం తెలిసిన రోజు హాస్టల్ వంటగదిలో కుర్చీ మీద కూర్చునే ఏడ్చాడు.

ఈ ఆరోపణలో ఒక ముక్క మాత్రం నిజానికి దగ్గరగా ఉంది, దానిని దాచను. లక్షల్లో ఫీజు వసూలు చేసే ప్రైవేటు సంస్థలు జర్మనీలోనూ ఉన్నాయి, కమీషను కోసం పిల్లలను వాటివైపు నెట్టే ఏజెంట్లు మన ఊళ్లలో ఉన్నారు. అన్ని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలూ ఉచితం కావు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఐరోపా వెలుపలి విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. కాబట్టి ఏ సంస్థ, ఏ రాష్ట్రం, ఎంత ఫీజు అన్నది విశ్వవిద్యాలయం సొంత వెబ్‌సైటులో చూసి, దరఖాస్తు పిల్లలే స్వయంగా నింపుకోవాలి. సందేశం ఈ హెచ్చరిక చేసి ఊరుకుని ఉంటే నేను కూడా దానిని పదిమందికి పంపేవాణ్ణి.

గిన్నెలు కడుగుతారన్న మాటకు నా జవాబు చిన్నది. కడుగుతారు. నేను పార్సిళ్లు మోశాను. 2024 మార్చికి ముందు విద్యార్థులు ఏడాదికి 120 పూర్తి రోజులు పని చేయవచ్చు, ఆ తరువాత 140 రోజులు. అంతకు మించితే అనుమతి కావాలి. 2022 అక్టోబరులో గంటకు కనీసం 12 యూరోలు ఇవ్వాలని చట్టం వచ్చింది. రెండో ఏడాది నుంచి నేను ఇంటి నుంచి రూపాయి తెప్పించుకోలేదంటే ఆ పార్సిళ్లే కారణం. మన సముద్రతీర గ్రామాల మత్స్యకారులు ఏటా గుజరాత్ తీరానికి వేటకు వెళతారు, ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెళ్లని ఊరు లేదు. వలస చెమటతో ఇళ్లు నిలబెట్టుకున్న జిల్లాలో పుట్టి, పిల్లలు చేసే పనిని అవమానంగా రాయడం నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధపెట్టింది.

ఇంటిని మరచిపోతారట. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ నాలుగున్నర గంటల తేడా. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు ముగించుకుని బస్టాపులో నిలబడే సమయానికి మా ఇంట్లో ఆరున్నర, అమ్మ దీపం పెట్టి ఫోను దగ్గర కూర్చునే వేళ. "తిన్నావేటి?" అన్నదే మూడేళ్లూ ఆమె మొదటి ప్రశ్న. పూజారిని పొడవైన మాను మీద ఊరేగించే పైడితల్లి సిరిమాను జాతర మంగళవారం నాడే వస్తుంది కాబట్టి మా విజయనగరం మిత్రుడికి ఆ రోజు తరగతి తప్పదు. మధ్యాహ్నం క్యాంటీనులో ఫోను నీళ్ల గ్లాసుకు ఆనించి, సిరిమాను కోట వైపు కదులుతుండగా చెంచా కింద పెట్టి చేతులు జోడించేవాడు. ఎదురుగా కూర్చున్న జర్మన్ విద్యార్థి అదేమిటని అడిగితే, అన్నం చల్లారిపోతున్నా ఓపికగా వివరించి చెప్పేవాడు. చదువయ్యాక అక్కడ ఉద్యోగం వెతుక్కోవడానికి ప్రభుత్వం పద్దెనిమిది నెలలు గడువు ఇస్తుంది. కొందరు ఉండిపోతారు, కొందరు నాలాగా తిరిగి వస్తారు. ఉండిపోయినవారు మరచిపోయారని చెప్పే హక్కు వాళ్ల అమ్మలకు తప్ప మరెవరికీ లేదు.

మొన్న శనివారం సాయంత్రం ఆ విద్యార్థిని తండ్రిగారు కూతురితో కలిసి మా ఇంటికి వచ్చారు. ఫోనులో ఆ సందేశాన్ని తెరిచి నా ముందు పెట్టారు. నేను నా పాత ఖాతా వివరాలు తీసి, నెలనెలా పడిన 861 యూరోలను, గోదాము జీతాన్ని వరుసగా చూపించాను. తరువాత వంతెన మీద మేము నలుగురం దిగిన ఫోటో చూపించాను. చాలాసేపు రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆదివారం కొట్లు మూసేస్తారన్న మాట ఆయన మనసులో నిలిచిపోయినట్టుంది. "అయితే మాస్టారూ, మొదటి ఆదివారానికి పిల్లకు ఏటేటి కట్టి ఇవ్వాలి?" అని అడిగారు. రెండు కిలోల బియ్యం, కందిపొడి, చింతపండు, ఒక చిన్న కుక్కరు చాలునని, నెయ్యి, పాలకోవా వంటి పాల వస్తువులు మాత్రం అక్కడి కస్టమ్స్ అనుమతించదు కాబట్టి పెట్టవద్దని చెప్పాను. ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీసి, సీటు కాగితం ఉన్న కవరు వెనుక ఒక్కొక్కటే రాసుకున్నారు.