ఇంటూ కొట్టిన చెత్తడబ్బా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ చక్రాల చెత్తడబ్బా గారికి,

జర్మనీలో ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే తెలుగువాడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమమే. మా బీరువా క్షేమంగా లేదు. ఆ సంగతే రాస్తున్నాను.

మీరు నన్ను ఎరగరు కానీ నేను రోజూ మిమ్మల్నే చూస్తుంటాను. లాప్‌టాప్ బోర్లిస్తే మీరు, చార్జర్ తిప్పితే మీరు, మౌస్ పొట్ట కింద మీరు. రెండు చక్రాలు, ఒక మూత, ఒంటి మీద పెద్ద ఇంటూ మార్కు. చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు తప్పు జవాబు మీద అచ్చం ఇలాగే గీసేవారు. సరైన జవాబు ఏమిటని అడిగితే మాత్రం బెత్తం చూపించేవారు. మీదీ అదే పద్ధతి. కరెంటు వస్తువును మామూలు చెత్తడబ్బాలో వెయ్యొద్దంటారు. మరి ఎందులో వెయ్యాలో చెప్పే బొమ్మ మాత్రం మీ పక్కన కనపడదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటే ఇదే కాబోలు.

మీ కాళ్ల కింద నల్లటి గీత ఒకటుంటుంది కదా, అది నేల అనుకున్నాను చాలా ఏళ్లు. డబ్బా గాల్లో వేలాడితే బాగుండదని గీసి ఉంటారనుకున్నా. తర్వాత తెలిసింది, ఈ వస్తువు 2005 ఆగస్టు 13 తర్వాత మార్కెట్లోకి వచ్చిందని ఆ గీతకు అర్థమట! ఇంత చిన్న గీతలో ఇంత పెద్ద తేదీ దాచారంటే, మా ఊరి సిద్ధాంతి గారు కూడా మీ దగ్గర శిష్యరికం చెయ్యాల్సిందే.

ఇక బీరువా సంగతి. ఫొటోకాపీ మెషిన్ వెనక ఇనప బీరువా, తాళం నా దగ్గర. లోపల 41 లాప్‌టాప్‌లు, 9 మానిటర్లు, ఒక అట్టపెట్టె నిండా బల్ల ఫోన్లు, ఏ మెషిన్‌వో తెలియని చార్జర్లు ఇంకో పెట్టెలో పాముల్లా చుట్టుకుని. మా కంపెనీలో పనిచేసేది 34 మంది. బీరువాలో ఉన్న స్టాఫే ఎక్కువ.

ఓ శనివారం ధైర్యం చేసి ఆరు లాప్‌టాప్‌లు కారెక్కించి ఊరి వెర్ట్‌స్టోఫ్‌హోఫ్‌కి వెళ్లాను. ఇళ్లలోని పాత సామాన్లు తీసుకునే యార్డు అది. ఫ్రిజ్‌లు ఒక మూల, ట్యూబులైట్లు ఒక మూల, టీవీలు ఒక మూల, పెళ్లివారి విడిదిలా అన్నీ ఎక్కడివక్కడ. నారింజ రంగు కోటు వేసుకున్న పెద్దాయన వచ్చి "ఇంటివా, ఆఫీసువా?" అని అడిగాడు. ఇంటివేనని చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే ఆయన ఒకదాన్ని తిప్పి చూస్తున్నాడు. దాని వీపు మీద కంపెనీ పేరు, వరుస నంబరు ఉన్న స్టిక్కర్, పక్కనే మీరు. ఇద్దరూ కలిసి నన్ను పట్టించారు. ఆఫీసు సరుకు ఇలా తీసుకోం, ఫోన్ చేసి కనుక్కుని రండి అన్నాడు. ఆరింటినీ మళ్లీ వెనక సీట్లో పేర్చి, జారకుండా బెల్టు పెట్టి తీసుకొచ్చాను.

నా ఇంటి టోస్టర్‌కి ఎంత మర్యాద ఉందో తెలుసా అండీ? 25 సెంటీమీటర్లు మించని వస్తువైతే, కొత్తది కొనకపోయినా సరే, పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపువాళ్లు ఊరికే తీసుకోవాలి. 2022 జులై నుంచి కరెంటు వస్తువులు అమ్మే పెద్ద సూపర్‌మార్కెట్లకూ అదే రూలు. పాలు కొనడానికి వెళ్తూ పాడైన షేవర్ ఇచ్చి రావచ్చు. ఆఫీసు సరుకుకి వేరే దారి. తయారు చేసిన కంపెనీయే తీసుకునే ఏర్పాటు చెయ్యాలి, కానీ ఎక్కడికి చేర్చాలి, ఎవరి ఖర్చు అన్నవి ఒప్పందంలో ఎలాగైనా రాసుకోవచ్చు. ఒప్పందం కొనేటప్పుడు చదవాలి. కొనేటప్పుడు మేం చూసింది డిస్కౌంట్ ఒక్కటే.

పోనీ లైసెన్సు ఉన్న రీసైక్లింగ్ వాళ్లను పిలుద్దామంటే ముందు డేటా పని తేలాలి. మనుషుల సొంత వివరాలను కాపాడే యూరప్ చట్టం జీడీపీఆర్ 2018 మే 25 నుంచి అమల్లో ఉంది కదా, ఒక్క హార్డ్ డిస్క్‌లో ఒక్క కస్టమర్ అడ్రస్ మిగిలినా మా డైరెక్టరమ్మకు టెన్షన్. అందుకని డిస్కులన్నీ పీకి ముక్కలు చేయించమంది. డిస్కు లేని లాప్‌టాప్‌ను పాత సరుకుగా కొనేవాడు సగం ధర కూడా ఇవ్వనన్నాడు. అలా నిక్షేపంలా పనిచేసే పద్నాలుగు మెషిన్లు ఒక్క మధ్యాహ్నంలో చెత్తగా మారాయి. రూలు ప్రకారమే మారాయి లెండి, మీకు నచ్చే ఉంటుంది.

వీటన్నిటిలోకీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఒక లాప్‌టాప్ ఉంది. మూత పూర్తిగా పడదు. టచ్‌ప్యాడ్ పూరీలా పైకి లేచింది. వేలితో నొక్కితే మెత్తగా దిగి, వేలు తియ్యగానే మళ్లీ లేస్తుంది. లోపల బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఇలాంటిదాన్ని మామూలు పోస్టులో పంపకూడదు, మిగతావాటితో కలిపి లారీ ఎక్కించకూడదు. ప్రత్యేకమైన డబ్బా తెప్పించి, అందులో వర్మిక్యులైట్ అనే మంటలంటని ఖనిజపు పలుకులు పోసి, దాన్ని మధ్యలో కప్పిపెట్టాలి. ఆ డబ్బా ఖరీదుకి పాత లాప్‌టాప్ ఇంకోటి వస్తుంది. ప్రస్తుతానికి ఇనప బకెట్లో ఇసక పోసి, దాంట్లో పెట్టి, బాల్కనీలో దూరంగా ఉంచాను. రోజూ పొద్దున కాఫీ కప్పు పట్టుకుని వెళ్లి దాన్ని చూసొస్తాను.

"ఇంత గోల ఎందుకురా, బ్యాటరీ మార్పించుకుని వాడుకోవచ్చుగా" అంటాడు సికింద్రాబాద్‌లో ఉన్న మా బావ. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో స్టూలు మీద కూర్చుంటే, టీ తాగేలోపు వెనక ప్లేటు విప్పి బ్యాటరీ మార్చి చేతిలో పెడతారని ఆయన నమ్మకం. చాలాసార్లు నిజం కూడా. నేనూ అదే అనుకుని రిపేరు చట్టం చదవడం మొదలుపెట్టాను. చదివాక మీకు ఉత్తరం రాయక తప్పలేదు.

యూరోపియన్ యూనియన్ 2024లో రిపేరు హక్కు డైరెక్టివ్ తెచ్చింది, అంటే సభ్య దేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవాల్సిన ఆదేశం. సభ్య దేశాలు దాన్ని 2026 జులై 31 నుంచి అమలు చెయ్యాలి. గ్యారంటీ ఉండగా కొత్తది అడక్కుండా రిపేరు చేయించుకుంటే, ఆ గ్యారంటీ ఇంకో ఏడాది పెరుగుతుంది. గ్యారంటీ అయిపోయాక కూడా కొన్ని వస్తువులను తయారీదారు రిపేరు చేసి తీరాలి. చాలా సంతోషం. ఆ కొన్ని వస్తువుల జాబితా చూశాను. వాషింగ్ మెషిన్ ఉంది, ఫ్రిజ్ ఉంది, వాక్యూమ్ క్లీనర్ ఉంది, మొబైల్ ఉంది. వెల్డింగ్ మెషిన్ ఉంది. డేటా సెంటర్లలో వాడే సర్వర్ ఉంది. లాప్‌టాప్ లేదు. రెండుసార్లు పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి చదివాను. లేదు.

ఇంకో సంగతి, ఈ హక్కు వినియోగదారుడికే. అంటే సొంతానికి కొనుక్కున్న మనిషికి. కంపెనీలకు వర్తించదు. కాబట్టి నేను ఇంట్లో పడగ్గదిలో సర్వర్ పెట్టుకుని, వంటింట్లో వెల్డింగ్ చేసుకుంటూ ఉంటే నా హక్కులకు ఢోకా లేదు. పొద్దున ఆఫీసుకెళ్లి లాప్‌టాప్ తెరిచానా, నేను ఎవరికీ ఏమీ కాను. సర్వర్‌ను నిజంగా కొనేది ఆఫీసులే కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. అన్యాయం ఎందుకనాలి గానీ, సర్వర్లకు 2021 మార్చి నుంచి వేరే రూలుంది, ఫర్మ్‌వేర్, అంటే మెషిన్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, ఏళ్ల తరబడి అందుబాటులో ఉంచాలని. బ్యాటరీలను కొన్నవాళ్లే సులువుగా తీసి మార్చుకునేలా వస్తువులు తయారు చెయ్యాలన్న రూలు 2027 ఫిబ్రవరి 18 నుంచి. అది మంచిదే. నా ఇసక బకెట్లో ఉన్నదానికి అంతవరకు ఓపిక పట్టమని ఎవరైనా చెప్పాలి.

బావ సలహా మీద అన్నిటినీ హైదరాబాద్ పంపేద్దామా అని కూడా ఆలోచించాను. పనిచేస్తుందని పరీక్ష చేసి, కాగితం రాసి, సరిగ్గా ప్యాక్ చేస్తేనే అది పాత సరుకు. లేకపోతే చెత్త. చెత్తయితే, 2025 జనవరి 1 నుంచి ఇండియా లాంటి దేశాలకు పంపడానికి యూరప్ ఒప్పుకోదు. ఈ రూలు మీద నాకు ఫిర్యాదు లేదు. బోర్డులు కాల్చి రాగి తీసే పొగ ఎవరి పిల్లలు పీల్చాలి? కాకపోతే రిపేరు తెలిసిన చేతులు అక్కడున్నాయి, రిపేరు కావాల్సిన సరుకు ఇక్కడుంది. మధ్యలో మీరున్నారు.

ఇంతకీ మేం కూడా మీ కుటుంబమేనండోయ్. మా కంపెనీ ఫ్యాక్టరీ మెషిన్లకు బిగించే చిన్న సెన్సర్ పెట్టెలు చేస్తుంది. అంటే మేమూ తయారీదారులమే. కరెంటు వస్తువుల తయారీదారుల రిజిస్టర్లో పేరు, డీఈతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు, ఆ నంబరు ప్రతి బిల్లు మీదా. పాతవాటిని ఎలా వెనక్కి తీసుకుంటామో ఒక ప్రణాళిక రాసివ్వాలి. అది రాసింది నేనే, బీరువాకి ఆనుకుని కూర్చుని. జర్మనీ సరిహద్దులోని కెల్ ఊళ్లో ట్రామ్ ఎక్కి రైన్ నది దాటితే ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్ వస్తుంది. మామూలుగా పాస్‌పోర్టు అడిగేవాడు అరుదు. మా సెన్సర్‌ను అక్కడి ఫ్యాక్టరీకి నేరుగా అమ్మితే మాత్రం ఫ్రాన్స్‌లో మళ్లీ ప్రతినిధి, మళ్లీ నంబరు. మనుషులకు లేని సరిహద్దు అరచేతిలో పట్టే పెట్టెకుంది.

ఇంత చేసి, 2019 నుంచి అమ్మిన బరువులో నూటికి 65 వంతులు వెనక్కి రావాలని లక్ష్యం పెట్టుకుంటే చాలా దేశాలు అందుకోలేకపోయాయి. మిగిలింది ఎక్కడుందని అధికారులు అడుగుతుంటారు. తాళం నా దగ్గరే ఉంది, ఎప్పుడొచ్చినా తీసి చూపిస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు,
బీరువా తాళం గలవాడు

తా.క.: మొన్న కొత్త సెన్సర్ల కోసం మీ బొమ్మతో 500 స్టిక్కర్లు వేయించాం. డిజైన్ చేసిన కుర్రాడు మీ కాళ్ల కింది గీతను ఏదో మరక అనుకుని చెరిపేశాడు. లేబుల్ మీద తయారీ తేదీ కూడా లేదు కాబట్టి ఆ గీత లేకపోతే చెల్లదు. మొత్తం మళ్లీ వేయించాం. పాతవాటిని ఏం చెయ్యాలని మా డైరెక్టరమ్మ నన్నే అడిగింది. జిగురు కాగితం కాబట్టి పేపర్ డబ్బాలోకి పనికిరాదు, కరెంటు లేదు కాబట్టి మీ పరిధిలోకీ రాదు. మామూలు చెత్తలోకే. ఐదొందల మంది మిమ్మల్ని పోగు చేసి, కింద పెరట్లో ఉన్న చక్రాల డబ్బా మూతెత్తి, లోపల పోసి వచ్చాను.