సవరణ: 'టేక్ ఎ డెసిషన్' తప్పు కాదు

ఇంగ్లిష్‌లో ఏ మాట పక్కన ఏ మాట రావాలో చెబుతూ ఇంతకుముందు పెట్టిన పోస్టులో 'మేక్ ఎ డెసిషన్' మాత్రమే సరైనదని, 'టేక్ ఎ డెసిషన్' అనేది మనం 'నిర్ణయం తీసుకోవడం' నుంచి మక్కీకి మక్కీ దించినదని రాశాను. అది నా పొరపాటు. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం వేసిన పెద్ద డిక్షనరీలు తిరగేస్తే రెండూ ఉన్నాయి, కాకపోతే 'టేక్' ఎక్కువగా బ్రిటిష్ వాడుక, ముఖ్యంగా ప్రభుత్వాలు, కమిటీలు అధికారికంగా నిర్ణయించే సందర్భాల్లో కనిపిస్తుంది, అమెరికన్లు దాదాపు ఎప్పుడూ 'మేక్' అనే అంటారు. నా మాట నమ్మి ఎవరైనా రాసినది దిద్దుకుని ఉంటే మళ్లీ మార్చుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

'మిస్టేక్' సంగతి మాత్రం అలాగే ఉంది: దాని పక్కన 'మేక్' రావాలి, 'డు' కుదరదు. 'రెయిన్' పక్కన 'హెవీ', 'విండ్' పక్కన 'స్ట్రాంగ్' రావాలని ఆ పోస్టులో చెప్పినదీ సరైనదే.